మందు పెట్టినా ఎలుక మళ్ళీ ఎందుకొస్తుంది, పిట్ట అద్దాన్ని ఎందుకు పొడుస్తుంది: జీవుల హద్దుల లెక్క

క్లుప్తంగా

హద్దు కాపాడుకోవడం ఖర్చుతో కూడిన పని. వచ్చే లాభం ఆ ఖర్చుకి మించితేనే ఎలుకైనా పిట్టైనా దానికి దిగుతుంది, లేకపోతే వదిలేస్తుంది. తిండి, గూడు, జత ఏవి ఎక్కడెక్కడ ఎలా పరుచుకుని ఉన్నాయి అన్నదాన్ని బట్టే ఒంటరిగా బతకాలా, జంటగానా, గుంపుగానా అనేది తేలుతుంది. మంచి చోటు ఖాళీ అయితే, అప్పటిదాకా చోటు దొరక్క అంచుల్లో ఆగినవి వచ్చి నింపేస్తాయి. పొలంలో ఎలుకల మందు ఒక్కరే పెడితే ఫలితం నిలవకపోవడానికి ఇది పెద్ద కారణం.

వరి పొట్ట దశకి వచ్చే టైంలో ప్రతి ఏడూ రైతుల మధ్య ఒకటే మాట, మందు పెట్టాం, చచ్చిన ఎలుకలు కూడా కనిపించాయి, మరి గట్టు మీద మళ్ళీ కొత్త కన్నాలు ఎలా వచ్చాయి అని. ఇంకోపక్క టౌన్లలో ఎండాకాలం మొదలయ్యేసరికి ఇంకో ప్రశ్న తిరుగుతుంది, పిగిలిపిట్ట రోజూ వచ్చి కారు అద్దాన్నే పొడుస్తోంది, దానికేమైనా పిచ్చి పట్టిందా అని, కొందరైతే అపశకునం అని భయపడి శాంతి కూడా చేయిస్తుంటారు. చూడ్డానికి ఈ రెండిటికీ సంబంధం లేదు గానీ రెండిటి వెనకా పనిచేసేది ఒకటే, చోటు మీద హక్కు. ఈ విషయం మీద వందేళ్ళుగా బాగా గట్టి పరిశోధన ఉంది, అందులో చాలా భాగం ఇంగ్లండ్ తోటల్లో, అమెరికా గడ్డి మైదానాల్లో, ఆఫ్రికా కొండల్లో జరిగింది, కొంత మన దేశంలోనూ జరిగింది.

తిరిగే మేర వేరు, ఇలాకా వేరు

మొదట ఒక తేడా పట్టుకోవాలి, లేకపోతే మిగతాదంతా కలగాపులగం అయిపోతుంది. ఏ జీవైనా రోజువారీ తిరిగే ప్రాంతం ఒకటి ఉంటుంది, దాన్ని తిరిగే మేర అనుకోవచ్చు. అందులో ఇంకోటి వచ్చినా పెద్దగా పట్టించుకోదు, ఎదురుపడితే పక్కకి తప్పుకుంటుంది అంతే. టెరిటరీ, అంటే ఇలాకా, అలా కాదు, అందులోకి ఇంకోటి, ముఖ్యంగా తన జాతిది, అడుగు పెడితే తరిమేస్తుంది. తిరిగే మేర దాదాపు అన్నిటికీ ఉంటుంది, ఇలాకా కొన్నిటికే ఉంటుంది, అది కూడా ఏడాదంతా ఉండాలని లేదు. పసులపోలిగాడినే చూడండి, గూడు కట్టుకున్న రోజుల్లో ఆ చెట్టు చుట్టుపక్కలకి కాకి వచ్చినా గద్ద వచ్చినా తన సైజుకి నాలుగింతలున్నా సరే వెంటపడి వీపు మీద పొడిచి మరీ పంపిస్తుంది. దాని చెట్టు పక్కనే చిన్న పిట్టలు గూళ్ళు పెట్టుకోవడం అందుకే, కాపలా ఉచితంగా దొరుకుతుంది.

పిట్టల్లో ఈ ఇలాకా అనే ఆలోచనకి గట్టి పునాది వేసింది ఇంగ్లండ్‌కి చెందిన ఇలియట్ హోవర్డ్, 1920లో. అప్పటిదాకా మగ పిట్టలు ఆడదాని కోసమే కొట్లాడుకుంటాయని చాలామంది అనుకునేవాళ్ళు. ఆయన చూపించింది ఏంటంటే చాలా జాతుల్లో ఆడపిట్ట ఇంకా రాకముందే మగవి చోటు పట్టుకుని, దాని కోసం కొట్లాడుకుని, హద్దులు తేల్చుకుంటాయి, ఆడది తర్వాత వస్తుంది.

తేనెపిట్ట లెక్క

ఇక అసలు ప్రశ్న, ఎప్పుడు కొట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి. 1964లో జెర్రమ్ బ్రౌన్ దీనికి చాలా సింపుల్ సూత్రం చెప్పాడు. కాపలా కాయడానికి శక్తి ఖర్చవుతుంది, టైం పోతుంది, దెబ్బలు తగలొచ్చు, పైగా అరుస్తూ ఎగురుతూ ఉంటే గద్ద కంట్లో పడే ప్రమాదం ఉంది. ఇంత ఖర్చు పెట్టి కాపాడుకున్న చోటు అంతకంటే ఎక్కువ తిరిగి ఇవ్వాలి, ఇవ్వకపోతే కాపలా దండగ.

దీన్ని అంకెల్లో చూపించింది ఫ్రాంక్ గిల్, లారీ వుల్ఫ్ అనే ఇద్దరు, 1975లో, కెన్యాలో. అక్కడ గోల్డెన్ వింగ్డ్ సన్‌బర్డ్ అనే పిట్ట ఉంది, మన పెరట్లో మందార పూల మీద వాలే తేనెపిట్టకి చుట్టమే. అది పూల గుబురు ఒకటి పట్టుకుని వేరే పిట్టల్ని రానివ్వదు. వీళ్ళు కొలిచింది ఏంటంటే ఆ పిట్ట ఊరికే కూర్చుంటే గంటకి 400 కేలరీలు ఖర్చు, తేనె తాగుతూ తిరిగితే 1000, వేరే పిట్టని తరిమితే 3000. ఇవి చిన్న కేలరీలు, బిస్కెట్ ప్యాకెట్ మీద రాసే కిలో కేలరీలు కావు. కాపలా లేని పూలల్లో అందరూ తాగిపోతుంటారు కాబట్టి ఒక్కో పూవులో తేనె 2 మైక్రోలీటర్లే మిగులుతుంది అనుకుందాం, అప్పుడు రోజుకి సరిపడా తాగడానికి 4 గంటలు పడుతుంది. కాపలా ఉన్న చోట పూవుకి 3 మైక్రోలీటర్లు ఉంటే 2.7 గంటల్లో పని అయిపోతుంది. అంటే 1.3 గంటలు తిరిగే బదులు కూర్చోవచ్చు, మిగిలేది 780 కేలరీలు. మరి కాపలాకి రోజుకి సుమారు 0.28 గంట పడుతుంది, దాని అదనపు ఖర్చు 728. లాభం ఉంది గానీ అంచు మీద ఉంది. పూలల్లో తేనె కొంచెం అటూ ఇటూ అయితే లెక్క తిరగబడుతుంది, అందుకే ఆ పిట్టలు కొన్ని రోజులు గుబురుని గట్టిగా కాపాడతాయి, పరిస్థితి మారగానే వదిలేస్తాయి.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది, తిండి మరీ తక్కువైనా కాపలా ఉండదు, మరీ ఎక్కువైనా ఉండదు. మరీ తక్కువైతే కాపాడినా కడుపు నిండదు. మరీ ఎక్కువైతే కాపలా లేకుండానే కడుపు నిండుతుంది, పైగా దొంగలు ఎక్కువ వస్తారు కాబట్టి తరమడానికే రోజంతా పోతుంది. మధ్యలో ఉన్న పరిస్థితిలోనే హద్దులు గట్టిగా ఉంటాయి.

ఇంకా సూక్ష్మమైన కేసు ఆక్స్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ నది ఒడ్డున దొరికింది. నిక్ డేవిస్, అలాస్డెయిర్ హ్యూస్టన్ అక్కడ శీతాకాలంలో పైడ్ వాగ్‌టెయిల్ పిట్టల్ని చూశారు. నీళ్ళు ఒడ్డుకి తోసే పురుగులే వాటి తిండి. ఒడ్డు పొడవునా సుమారు 600 మీటర్లు ఒక పిట్ట ఇలాకా, అది ఒడ్డు వెంబడి పద్ధతిగా చుట్టు తిరుగుతుంది, ఒక చుట్టు పూర్తయ్యేసరికి దాదాపు 40 నిమిషాలు, ఆలోపు తిన్నచోట మళ్ళీ పురుగులు వచ్చి చేరతాయి. మధ్యలో ఇంకో పిట్ట దూరి తినేస్తే ఈ పద్ధతంతా చెడిపోతుంది, అందుకే తరుముతుంది. కానీ పురుగులు బాగా వచ్చిన రోజు మాత్రం అదే యజమాని ఇంకో పిట్టని లోపల ఉండనిస్తుంది, ఎందుకంటే అది తిన్నా కూడా బయటివాటిని తరమడంలో సాయం చేస్తుంది. తిండి తగ్గిన రోజు ఆ సాయగాడినే బయటికి గెంటేస్తుంది. ఒకే పిట్ట, ఒకే ఒడ్డు, రోజుని బట్టి రూలు మారుతుంది. అందుకే ఒక జాతిని చూసి ఇది కొట్లాట జాతి, ఇది మంచి జాతి అని ముద్ర వెయ్యడం సరిపోదు.

మన పొలాల్లో ఎక్కువ నష్టం చేసే చిన్న పందికొక్కు విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. పొలంలో దాని బొరియ మామూలుగా ఒక్కదానికే, తల్లీ పిల్లలూ ఉన్నప్పుడు తప్ప ఒక బొరియలో రెండు పెద్దవి కలిసి ఉండటం అరుదు. మొదలు దగ్గర ఏటవాలుగా కొరికిన పిలకలు, కన్నం ముందు గుల్ల మట్టి కుప్ప, లోపలినుంచి మట్టితో మూసేసిన మూతి, తవ్వితే అరలో దాచుకున్న కంకులు, ఇదంతా ఒక్క ఎలుక సంపాదన, దాన్ని ఇంకోదానితో పంచుకోదు. అదే జాతి కోల్‌కతా ధాన్యం గోడౌన్లలో ఎలా బతుకుతుందో 1960ల్లో జేమ్స్ స్పిల్లెట్ చూశాడు, అక్కడ అవి కిక్కిరిసి ఉన్నాయి. బస్తాల నిండా తిండి ఉన్నచోట, ఎవరు తిన్నా తగ్గని చోట, ఒక మూల పట్టుకుని అందరినీ తరమడం ఏ ఎలుకకీ గిట్టుబాటు కాదు.

పిట్టకి గొంతు, ఎలుకకి మూత్రం

హద్దు గీసే పద్ధతిలో ఈ రెండు వర్గాలకీ పెద్ద తేడా ఉంది. పిట్టలు పగలు తిరుగుతాయి, ఎత్తున కూర్చుంటాయి, పాట దూరం వెళ్తుంది, పాడినంతసేపే ఉంటుంది. ఎలుకలు ఎక్కువగా రాత్రి, గడ్డిలో, బొరియలో తిరుగుతాయి, వాటికి వాసన బాగా పనికొస్తుంది, అది పెట్టినవాడు వెళ్ళిపోయాక కూడా చోటులో ఉంటుంది.

పాట నిజంగా హద్దు కాపాడుతుందా లేక ఊరికే పాడుతున్నాయా అన్నది తేల్చింది జాన్ క్రెబ్స్ బృందం, 1970ల్లో. ఒక చిన్న అడవిలో ఉన్న గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల్లో మగవాటిని పట్టి తీసేశారు. ఆ ఖాళీ ఇలాకాల్లో కొన్నిటిలో స్పీకర్లు పెట్టి అదే జాతి పాట వేశారు, కొన్నిటిలో ఈలతో వాయించిన వేరే రాగం వేశారు, మిగతావి నిశ్శబ్దంగా వదిలేశారు. కొత్త పిట్టలు నిశ్శబ్దంగా ఉన్నవీ, ఈల వినిపించినవీ ముందు ఆక్రమించాయి, పాట వినిపించే వాటి జోలికి చాలా ఆలస్యంగా వెళ్ళాయి. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టు పాట ఒక్కటే కొంతసేపు చోటు ఆపగలిగింది, అయితే మనిషి రాకపోతే కర్చీఫ్ ఎంతసేపు ఆగుతుంది, చివరికి అవి కూడా నిండిపోయాయి.

ఇళ్ళల్లో తిరిగే చిట్టెలుకలో బలమైన మగది తన ఇలాకా అంతటా చుక్కలు చుక్కలుగా మూత్రం వదులుతూ పోతుంది. అందులో ఉండే ప్రొటీన్లు వాసనని నెమ్మదిగా వదులుతాయి, పైగా ఆ ప్రొటీన్ల కలయిక ఎలుక ఎలుకకీ వేరుగా ఉంటుంది కాబట్టి అది సంతకంలా కూడా పనిచేస్తుంది. లివర్‌పూల్‌లో జేన్ హర్స్ట్ బృందం 2010లో డార్సిన్ అనే ఒక ప్రొటీన్‌ని గుర్తించింది, ఆడ ఎలుకని మగదాని వాసనకి ఆకర్షించేది అదే. వేరే మగది వచ్చి తన చుక్క పెడితే యజమాని వెంటనే దాని పక్కన తాజాగా ఇంకో చుక్క పెడుతుంది. ఒక ఇలాకాలో ఎవరి గుర్తులు తాజాగా ఉన్నాయో చూసి ఆడ ఎలుక అక్కడ ఎవరి మాట చెల్లుతోందో తెలుసుకోగలదు, దొంగతనంగా వచ్చినవాడు ప్రతిరోజూ అంత పని చెయ్యలేడు, అందుకే ఈ గుర్తుని నమ్మొచ్చు.

అమెరికా ఎడారుల్లో కంగారూ ర్యాట్ అయితే కాలితో నేలని దరువేస్తుంది. జాన్ రాండాల్ అనే పరిశోధకురాలు చూపించినట్టు ఒక్కోదాని దరువుకి ఒక్కో పద్ధతి ఉంటుంది, పక్కింటిదెవరో కొత్తదెవరో ఆ దరువుని బట్టే పోల్చుకుంటాయి.

ఈ పోల్చుకోవడం వల్ల ఒక విచిత్రమైన శాంతి వస్తుంది. పక్క ఇలాకా యజమానికి ఇప్పటికే సొంత చోటుంది, హద్దు ఎక్కడో ఇద్దరికీ తెలుసు, కాబట్టి దానితో రోజూ కొట్లాడటం దండగ. ముక్కూ మొహం తెలియని కొత్తదానికి చోటు లేదు, అది మొత్తం లాక్కోవడానికి వచ్చింది, దాని మీదే బలమంతా పెట్టాలి. జేమ్స్ ఫిషర్ 1954లో పిట్టల్లో ఈ పద్ధతిని వివరించాడు. హుడెడ్ వార్‌బ్లర్ అనే వలస పిట్టైతే చలికాలమంతా వేరే దేశంలో గడిపి తిరిగొచ్చాక కూడా పోయినేటి పక్కింటివాడి గొంతుని గుర్తుపడుతుందని 1991లో రెనీ గోడార్డ్ చూపించింది. అంటే హద్దులు ఒకసారి తేలాక కొట్లాటలు తగ్గుతాయి. యజమానులు తరచూ మారిపోతుంటేనే కొట్లాటలు పెరుగుతాయి.

అద్దాన్ని పొడిచే పిట్టకి జరిగేది కూడా ఇక్కడే అర్థమవుతుంది. గూడు పెట్టే రోజుల్లో ఇలాకాలో కనిపించిన ప్రతి కొత్త మొహమూ శత్రువే. మామూలు శత్రువైతే రెండుసార్లు మీదకెళ్తే పారిపోతుంది, అద్దంలోది పారిపోదు, తను రెక్క విదిలిస్తే అదీ విదిలిస్తుంది, తను ముక్కు చాపితే అదీ చాపుతుంది. పిట్ట దృష్టిలో అది అస్సలు తగ్గని మొండి పోటీదారు, అందుకే గంటలు గంటలు కొట్లాడుతుంది. పిచ్చీ కాదు, శకునమూ కాదు. అద్దానికి గుడ్డ కప్పినా, కిటికీకి బయటినుంచి కాగితం అంటించినా ఆగిపోతుంది, గూడు సీజన్ అయిపోతే దానంతటదే పోతుంది. పిట్ట ముక్కుకి దెబ్బ తగలకుండా, పిల్లలకి మేత పెట్టే టైం వృథా కాకుండా ఆ మాత్రం సాయం చెయ్యడం మంచిది.

ఆడదాని దారి తిండి, మగదాని దారి ఆడది

జంట కట్టే విషయంలో పిట్టలూ ఎలుకలూ దాదాపు ఎదురెదురుగా ఉంటాయి. పిట్ట జాతుల్లో 90 శాతం పైగా కనీసం ఒక సీజన్‌కి ఆడా మగా జంటగా ఉంటాయి. పాలిచ్చే జంతువుల్లో అలా జంటగా ఉండేవి 10 శాతం కూడా లేవు. కారణం శరీరంలోనే ఉంది. గుడ్డు బయట ఉంటుంది, పొదగడం, పురుగు తెచ్చి నోట్లో పెట్టడం మగది కూడా చెయ్యగలదు, చాలా పిట్టల్లో ఇద్దరూ చేస్తే తప్ప పిల్లలు బతకవు. ఎలుక పిల్లలు కడుపులో పెరుగుతాయి, పుట్టాక పాలు తాగుతాయి, ఆ రెండూ మగది చెయ్యలేదు, అక్కడ ఉన్నా పెద్ద ఉపయోగం లేదు, కాబట్టి ఇంకో ఆడదాన్ని వెతుక్కుంటూ పోతుంది. పిట్టల జంట కూడా పూర్తి నమ్మకమైనదేం కాదు, 1980ల్లో డీఎన్ఏ పరీక్షలు వచ్చాక గూట్లో పిల్లలన్నీ ఆ మగదానివే కావని చాలా జాతుల్లో బయటపడింది.

ఎలుకల్లో ఎవరు ఎక్కడుంటారు అన్నదాన్ని ఎవరు నిర్ణయిస్తారో తేల్చడానికి నార్వేలో రోల్ఫ్ ఇమ్స్ 1980ల్లో ఒక చక్కటి ప్రయోగం చేశాడు. వోల్ అనే పొట్టి తోక ఎలుకల్లో ఆడవాటిని ఒక్కోదాన్ని ఒక్కో బోనులో పెట్టి, ఆ బోన్లని కొన్నిసార్లు దూరం దూరంగా, కొన్నిసార్లు ఒకేచోట గుంపుగా ఉంచాడు. మగవి స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. ఆడవి ఎక్కడుంటే మగవాటి తిరుగుడు అలా మారింది, ఆడవి ఒకేచోట ఉన్నప్పుడు మగవన్నీ ఆ చోటునే పంచుకుని తిరిగాయి, ఎందుకంటే అన్ని మగవి చేరినచోట ఏ ఒక్కటీ హద్దు గీసి నిలబెట్టుకోలేదు. ఆడవి తిండినీ పిల్లల భద్రతనీ చూసుకుని చోటు ఎంచుకుంటాయి, మగవి ఆడవాటిని చూసుకుని ఎంచుకుంటాయి. ఇక్కడ పిల్లల భద్రత అనేది చిన్న విషయం కాదు, చాలా ఎలుక జాతుల్లో పరాయి ఆడవి పసికూనల్ని చంపేస్తాయి, తల్లి హద్దు కాసేది తిండి కోసం ఎంతో దీనికోసమూ అంతే.

పిల్లలు పెద్దయ్యాక ఇల్లు వదిలే విషయంలోనూ తేడానే. పాల్ గ్రీన్‌వుడ్ 1980లో ఎన్నో జాతుల వివరాలు కలిపి చూస్తే, పిట్టల్లో ఎక్కువగా ఆడపిల్లలు దూరం వెళ్తాయి, పాలిచ్చే జంతువుల్లో మగపిల్లలు వెళ్తాయి. పిట్టల్లో ఇలాకా సంపాదించేది మగది కాబట్టి తెలిసిన చోట ఉంటేనే దానికి లాభం. ఎలుకల్లో చోటు ఆడవాళ్ళ చేతిలో ఉంటుంది, కూతుళ్ళు తల్లి పక్కనే స్థిరపడతాయి. అందుకే పిట్టల గుంపుల్లో ఎక్కువగా కొడుకులు, ఎలుకల గుంపుల్లో ఎక్కువగా అమ్మ, అక్క, చెల్లి, పిన్ని కనిపిస్తారు.

గుంపుగా ఎందుకు

అమెరికా మైదానాల్లో ప్రెయిరీ డాగ్ ఉంది, పేరులో డాగ్ ఉన్నా ఉడుత కుటుంబం. ఒక కుటుంబ గుంపులో మామూలుగా ఒక పెద్ద మగది, మూడు నాలుగు ఆడవి, వాటి పిల్లలు ఉంటాయి, ఆ ఆడవన్నీ రక్త సంబంధీకులే. గుంపంతా కలిసి ఒక నేల ముక్కని కాపాడతాయి, ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకున్నట్టు మూతి ఆనించి పోల్చుకుంటాయి. ఇంత ఆప్యాయంగా కనిపించే గుంపులోనే పాలిచ్చే తల్లులు దగ్గరి బంధువు పిల్లల్ని బొరియలోకి దూరి చంపడం జాన్ హూగ్‌లాండ్ ఏళ్ళ తరబడి చూసి రాశాడు. గుంపులో ఉండటం వల్ల గద్దని ముందే చూడొచ్చు, కలిసి హద్దు కాయొచ్చు, కానీ పోటీ మాత్రం పోదు.

ఇంకా చివరి అంచులో కెన్యా, ఇథియోపియా, సోమాలియాల్లో ఉండే బొచ్చు లేని నేకెడ్ మోల్ ర్యాట్ ఉంది. తేనెటీగల్లా ఒకే రాణి కంటుంది, మిగతావి పని చేస్తాయి అని జెన్నిఫర్ జార్విస్ 1981లో బయటపెట్టినప్పుడు పాలిచ్చే జంతువుల్లో అలాంటిది ఉందంటే శాస్త్రవేత్తలే ఆశ్చర్యపోయారు. గుంపు సగటున 70, 80 ఉంటుంది, 300 దాకా కూడా వెళ్ళొచ్చు. ఎండిపోయిన గట్టి నేల, తిండి అంటే దూరం దూరంగా భూమిలో ఉండే పెద్ద దుంపలు, వాన పడ్డ కొద్దిరోజులే తవ్వడానికి వీలు. ఒంటరిగా తవ్వితే దుంప తగిలేలోపు చావడం ఖాయం, వందమంది తవ్వితే ఎవరికో ఒకరికి తగులుతుంది.

పిట్టల్లో గుంపుకి ఇంకో దారి ఉంది. మన ఊళ్ళలో తోటల్లో నేల మీద ఆకులు తిరగేస్తూ ఆరేడు కలిసి గోల గోలగా తిరిగే మట్టిరంగు జంగిల్ బ్యాబ్లర్లు అందరికీ తెలుసు, హిందీవాళ్ళు సాత్ భాయ్ అంటారు. 1970ల్లో ఆంథొనీ గాస్టన్ ఢిల్లీలో వీటిని చూశాడు. గుంపు మొత్తానికి ఒకే ఇలాకా, పక్క గుంపు వస్తే అందరూ కలిసి అరుస్తాయి, గూట్లో పిల్లలకి అమ్మానాన్నలే కాకుండా మిగతావి కూడా మేత తెచ్చి పెడతాయి. తన పిల్లలు కానివాటిని ఎందుకు పెంచాలి అన్నదానికి బాగా తేటగా జవాబు దొరికింది సీషెల్స్ దీవుల్లో. అక్కడి వార్‌బ్లర్ ఒకప్పుడు కజిన్ అనే చిన్న దీవిలోనే మిగిలింది, దీవి నిండిపోయాక పిల్లలు ఇల్లు వదలకుండా అమ్మానాన్నల దగ్గరే ఉండి తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ పెంచేవి. 1988లో 29 పిట్టల్ని ఖాళీగా ఉన్న ఆరిడ్ దీవికి తీసుకెళ్ళి వదిలారు. యాన్ కొమ్డెర్ చూసింది ఏంటంటే అక్కడ పుట్టినవి చోటు బోలెడు ఉంది కాబట్టి ఎవరికి వారు వెళ్ళి సొంతంగా గూడు పెట్టుకున్నాయి, మంచి చోట్లు నిండిపోయాకే మళ్ళీ ఇంట్లో ఉండి సాయం చేసే పద్ధతి వచ్చింది. ఇక్కడ కజిన్‌లో ఖాళీ అయిన ఇలాకాల్లోకి అప్పటిదాకా ఇంటి దగ్గర సాయం చేస్తున్నవే వెంటనే వెళ్ళిపోయాయి. అంటే ఆ సాయంలో చాలా భాగం చోటు దొరకక పుట్టిందే. ఉమ్మడి కాపురం వెనక ఖాళీ స్థలాల లెక్క ఉంది.

కాపాడలేని తిండి ఉన్నవి మాత్రం హద్దుని గూటి దాకా కుదించేసుకుంటాయి. నేలపట్టులో, గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఒకే చెట్టు మీద గూడబాతుల గూళ్ళు పక్కపక్కనే ఉంటాయి, ముక్కు చాపితే అందేంత దూరమే ఒక్కోదాని ఇలాకా, చేపలున్న చెరువుని ఎవరూ కాపాడలేరు కదా. గిజిగాడిదీ అదే దారి, ఈత చెట్టుకో నూతి మీదకి వంగిన తుమ్మకో పదులకొద్దీ గూళ్ళు వేలాడతాయి, మగది తన గూడు చుట్టూ కొంచెం మేర మాత్రమే కాస్తుంది. సలీం అలీ 1930 ప్రాంతంలో మహారాష్ట్ర తీరంలోని కిహిమ్‌లో చూసి రాసింది ఇదే, మగది గూడు సగం దాకా అల్లి ఆపేస్తుంది, ఆడవి వచ్చి లోపలికెళ్ళి పరీక్షిస్తాయి, ఒకటి ఒప్పుకుంటేనే మిగతాది పూర్తి చేస్తుంది, అది గుడ్లు పెట్టగానే మగది ఇంకో గూడు మొదలెట్టి ఇంకో ఆడదాన్ని పిలుస్తుంది. గింజలు అన్నిచోట్లా దొరికే కాలంలో పిల్లల్ని ఆడది ఎక్కువ భాగం తనే పెంచగలదు, అందుకే మగదానికి ఆ వెసులుబాటు.

ఖాళీ చేస్తే ఏమవుతుంది

1971లో ప్రచురించిన ఇంకో ప్రయోగంలో జాన్ క్రెబ్స్ ఆక్స్‌ఫర్డ్ పక్కన వైథమ్ అడవిలో వసంతకాలంలో ఆరు జంటల గ్రేట్ టిట్‌లని తీసేశాడు. మూడు రోజుల్లో పక్క యజమానులు కొంచెం జరిగాయి, నాలుగు కొత్త జంటలు వచ్చి కూర్చున్నాయి. అవి ఎక్కడినుంచి వచ్చాయి అంటే చుట్టుపక్కల పొలాల కంచెల్లోంచి, అక్కడ పిల్లలు సరిగ్గా బతకవు కానీ అడవిలో చోటు లేక అక్కడ ఉంటున్నాయి. ఇలాకా పద్ధతి ఉన్న చాలాచోట్ల ఇలా వెయిటింగ్ లిస్టు ఒకటి ఉంటుంది, అది కళ్ళకి కనిపించదు.

ఎలుకల్లో ఇదే సంగతి 1940ల్లో బాల్టిమోర్ నగరంలో బయటపడింది. డేవిడ్ డేవిస్ బృందం చూసింది ఏంటంటే ఒక వీధిలో ఎలుకల్ని ఎంత చంపినా కొన్నాళ్ళకి పాత సంఖ్యకే వచ్చేసేవి, మిగిలినవాటికి తిండీ చోటూ ఎక్కువై పిల్లలు బాగా బతికేవి. చెత్త తీసేసి, దాక్కునే సందులు మూసినచోట మాత్రం సంఖ్య తగ్గి అలాగే నిలిచింది. ఆ నగరం పక్కనే జాన్ కాల్హూన్ పావు ఎకరం ఆవరణలో అడవి ఎలుకల్ని పెట్టి తిండి లోటు లేకుండా చూశాడు, 27 నెలల తర్వాత 150 దగ్గర ఆగిపోయాయి, పెద్దవి చనిపోయే రేటుని బట్టి చూస్తే 5000 దాకా ఉండాల్సింది. పిల్లలే బతకలేదు, గందరగోళంలో తల్లులు సరిగ్గా సాకలేకపోయాయి. ఈ ప్రయోగాల్ని చూపించి జనం ఎక్కువైతే మనుషులూ ఇలాగే అవుతారని ఈమధ్య వీడియోల్లో తెగ చెప్తున్నారు, అది సరికాదు, అక్కడ చుట్టూ కంచె ఉంది, బయటికి వెళ్ళే దారి లేదు. నిజమైన పొలంలో చోటు చాలని ఎలుక వెళ్ళిపోతుంది. చార్లెస్ క్రెబ్స్, ఈయన పై జాన్ క్రెబ్స్ కాదు వేరే ఆయన, 1969లో ఇండియానాలో వోల్‌లున్న గడ్డి భూమికి కంచె వేస్తే వాటి సంఖ్య మామూలు కంటే విపరీతంగా పెరిగి గడ్డంతా తినేశాయి. వలస వెళ్ళే దారి మూస్తే హద్దుల పద్ధతే దెబ్బతింటుంది.

మన గట్ల మీద దీని అర్థం

ఇప్పుడు పొలానికి వద్దాం. రెండెకరాల్లో ఒకరు మందు పెడితే ఆ గట్ల మీద బొరియలు ఖాళీ అవుతాయి. తవ్విన సొరంగాలు రెడీగా ఉంటాయి, తరిమే యజమాని లేడు, పక్క పొలంలో, కాలవ గట్టు మీద, బీడులో తిరిగే కుర్ర ఎలుకలకి ఇంతకంటే మంచి అవకాశం ఏముంది. అవి రావడానికి వారాలు కూడా అక్కర్లేదు. మందు పని చెయ్యలేదు అనుకుంటారు గానీ మందు పని చేసింది, ఖాళీ నిండింది.

అందుకే ఎలుకల మీద పనిచేసే అఖిల భారత ప్రాజెక్టు శాస్త్రవేత్తలు, మన దగ్గర మార్టేరు పరిశోధన స్థానం వాళ్ళు కూడా ఊరంతా కలిసి ఒకేసారి చెయ్యండి అని మొత్తుకునేది. వెయిటింగ్ లిస్టుతో సహా తగ్గితేనే ఖాళీని నింపేవి తగ్గుతాయి. టైం కూడా ముఖ్యం, నాటిన తొలి రోజుల్లో ఎలుకలు గట్ల మీదే చిక్కుకుని ఉంటాయి, సంఖ్య తక్కువ, ఎక్కడున్నాయో తెలుసు. పొట్ట దశ దాటి కంకులు వచ్చాక పొలం లోపలికి చెదిరిపోతాయి, చేలో అంత తిండి ఉండగా ఎరని ముట్టడం కూడా తగ్గుతుంది. ముందురోజు సాయంత్రం కన్నాలన్నీ మూసి, మర్నాడు పొద్దున తెరుచుకున్న వాటిలోనే ఎర పెట్టడం అనే పద్ధతి ఈ ఒక్కో బొరియకి ఒక్కో యజమాని అనే అలవాటు మీదే ఆధారపడింది, తెరిచిన కన్నం ఉందంటే లోపల ఎలుక ఉన్నట్టే. నెల్లూరు, కృష్ణా ప్రాంతాల్లో యానాదులు కుండతో పొగ పెట్టి, అడ్డదారి కన్నాలు ముందే చూసుకుని పట్టే పద్ధతిలోనూ ఇదే పరిజ్ఞానం ఉంది, ఏ మట్టి కుప్ప కొత్తదో ఏది పాతదో వాళ్ళు చెప్పినంత కచ్చితంగా ఇంకొకరు చెప్పలేరు.

గట్టు వెడల్పు తగ్గించడం మందు కంటే ఎక్కువకాలం నిలిచే పని. వెడల్పు గట్టు అంటే బొరియలకి స్థలం, పొలం నీళ్ళతో నిండినా మునగని ఇల్లు. సన్న గట్టులో అరలు తవ్వడానికి చోటు చాలదు. బాల్టిమోర్‌లో చెత్తా సందులూ తీసేసినట్టే ఇదీ, ఎన్ని ఎలుకలు బతకొచ్చు అన్న సీట్ల సంఖ్యనే తగ్గించడం.

గుడ్లగూబల విషయంలో హద్దుల లెక్క రైతుకి అనుకూలంగా తిరుగుతుంది. తెల్ల మొహం ఉండే బార్న్ ఔల్ వేటాడే పొలాన్ని పెద్దగా కాపాడుకోదు, గూడు చుట్టూ కొంచెం మేర తప్ప. కాబట్టి ఒక జంట ఉంటే ఇంకో జంట రాదన్న సమస్య లేదు, ఎలుకలు ఉన్నంత మేర దగ్గర దగ్గరగానే గూళ్ళు పెట్టుకుంటాయి. మలేషియా ఆయిల్ పామ్ తోటల్లో వరసగా చెక్క పెట్టెలు పెట్టి వీటిని పెంచగలిగింది ఈ గుణం వల్లే. దాని కొరత ఎప్పుడూ వేటకి చోటు గురించి కాదు, గూటికి తొర్ర గురించి, పాత చెట్లూ పాత మిద్దెలూ పోయినచోట అది గుడ్లు పెట్టలేదు. మన వరి పొలాల్లోనూ ఆయిల్ పామ్ తోటల్లోనూ పెట్టె పెట్టాలనుకునేవాళ్ళు రెండు విషయాలు చూసుకోవాలి, విషం తిన్న ఎలుకని తింటే గుడ్లగూబకీ విషమే కాబట్టి పెట్టెలున్న చోట మందు మానాలి, పెట్టెలోకి వాన పడకుండా, పిల్లి ఎక్కకుండా ఎత్తులో కట్టాలి.